పదహారు దీపాలతో మొదలైన కళ

"మా అబ్బాయి బొమ్మలు బాగా వేస్తాడు, కంప్యూటరన్నా ఇష్టమే. ఏ చదువులో చేర్పించమంటారు?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఈ రెండు అభిరుచులనూ కలిపి పేరు తెచ్చుకున్న ఒక కళాకారుని గురించి విద్యార్థులకు తెలియజేస్తున్నాము.

లియో విల్లారియల్ 1967లో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో జన్మించారు. యేల్ విశ్వవిద్యాలయంలో శిల్పకళ చదివి, ఆ తరువాత న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్లను కళకు వినియోగించే కోర్సు చేశారు.

1997లో నెవాడా ఎడారిలో జరిగిన ఉత్సవానికి వెళ్ళినప్పుడు, రాత్రివేళ తన బసను గుర్తుపట్టడానికి ఆయన 16 దీపాలను చిన్న మైక్రోకంట్రోలర్‌కు కలిపి బసపై అమర్చారు. ఏ దీపం ఎప్పుడు వెలగాలో ప్రోగ్రాములో రాశారు. వెలిగితే 1, ఆరితే 0. ఒక దీపానికి రెండు స్థితులు, రెండు దీపాలకు నాలుగు, మూడింటికి ఎనిమిది. ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే 16 దీపాలకు 65,536 అమరికలు వస్తాయి. విద్యార్థులు లెక్కవేసి చూడండి. దారి తెలియడానికి పెట్టుకున్న ఆ దీపాలే ఆయన కళకు దారి చూపాయి.

2013 మార్చి 5న శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి పడమటి భాగంపై ఆయన రూపొందించిన 'ది బే లైట్స్' వెలిగింది. సుమారు 3 కిలోమీటర్ల పొడవున, వంతెనను మోసే ఉక్కు తీగలకు 25,000 ఎల్.ఇ.డి. దీపాలు బిగించారు. ముందే తీసిన సినిమాను ప్రదర్శించినట్లు కాదిది. ప్రకాశం, వేగం ఎలా మారాలో చెప్పే నియమాలను ఆయన రాస్తారు. ఆ నియమాల నుండి కంప్యూటరు ఎన్నో రూపాలు పుట్టిస్తే, అందమైనవాటిని ఆయన ఎంచుకుంటారు. లెక్క యంత్రానిది, ఎంపిక కళాకారునిది.

అయితే ఉప్పుగాలికి, వంతెన అదురుకు దీపాలు పాడవుతూ రావడంతో 2023 మార్చిలో వాటిని ఆర్పివేయవలసి వచ్చింది. అంతకంటె గట్టి దీపాలు తయారు చేయించే పని ఆ తరువాత చేపట్టారు. ఇటువంటి కళకు ఊహ, ప్రోగ్రామింగుతోపాటు ఇంజనీరింగు కూడా తోడుండాలని దీనివల్ల తెలుస్తున్నది.

మన దేశంలోనూ డిజైన్ చదువులున్నాయి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ప్రవేశ పరీక్షను, ఐఐటీల డిజైన్ డిగ్రీకి ఉద్దేశించిన 'యూసీడ్' పరీక్షను సైన్సు, కామర్సు, ఆర్ట్సు ఏ గ్రూపువారైనా రాయవచ్చు.

తల్లిదండ్రులకు మా మనవి: లెక్కల పుస్తకం వెనుక పేజీలో బొమ్మలు కనిపిస్తే పిల్లలను కోప్పడకండి. ఆ రెండూ ఒకే దారిలోకి రావచ్చు.