దూదిపోగు – కేంద్రక త్వచం

విజయనగర రాజుల కాలంలోను, నాయకరాజుల కాలంలోను తెలుగునాటి నుంచి వలస వచ్చిన కుటుంబాలు అనేకం కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో స్థిరపడ్డాయి. సేద్యం తెలిసినవారు నల్లరేగడి నేలల్లో పత్తి పండించారు. నేత తెలిసినవారు మగ్గాలు పెట్టుకున్నారు. 1888లో కోయంబత్తూరులో మొదటి నూలు మిల్లు వెలిసింది. ఇన్ని తరాలుగా ఇన్ని చేతులు మారిన ఆ దూదిలో ఒక్కొక్క పోగూ ఒకే ఒక్క జీవకణం అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

పత్తిగింజ నుంచి ఒక పోగును మెల్లగా లాగి చూడండి. దాని పొడవు రెండున్నర, మూడు సెంటీమీటర్లు ఉంటుంది. వెడల్పు మిల్లీమీటరులో సుమారు యాభయ్యో వంతు. పత్తిపువ్వు విచ్చిన రోజునే లోపలి లేతగింజ పైపొరలోని కొన్ని కణాలు ఉబ్బి, వెంట్రుకల్లా సాగడం మొదలుపెడతాయి. సుమారు మూడు వారాలు సాగిన తరువాత కణం తన గోడకు లోపలివైపు సెల్యులోజును పొర మీద పొరగా పేర్చుకుంటుంది. ఎప్పుడు సాగాలి, ఎప్పుడు గోడను దళసరి చేయాలి అనే ఆదేశాలు దానిలోని ఒక్క కేంద్రకంలో ఉన్న డి.ఎన్.ఎ.లో ఉంటాయి. అయితే సెల్యులోజును తయారుచేసే ప్రోటీన్లు పుట్టేది కేంద్రకంలో కాదు, దాని వెలుపల ఉన్న కణద్రవ్యంలో. లోపలి ఆదేశం బయటికి ఎలా వస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు కేంద్రకాన్ని చుట్టి ఉన్న త్వచంలో ఉంది.

కణంలోని ఈ భాగానికి కేంద్రకం అని పేరుపెట్టినవాడు రాబర్ట్ బ్రౌన్. 1831లో అతడు ఆర్కిడ్ మొక్కల కణాలలో దానిని గుర్తించాడు. ఆ తరువాత నూరేళ్ళకు పైగా కేంద్రకం అంచు సూక్ష్మదర్శినిలో ఒక సన్నని గీతగానే కనిపించింది. 1950లో కాలన్, టామ్లిన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఉభయచర జీవుల అండకణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఆ గీత నిజానికి రెండు పొరలనీ, అందులో రంధ్రాలున్నాయనీ చూపారు.

ఒక్కొక్క పొర మందం ఏడెనిమిది నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. రెండు పొరల మధ్య ఇరవై నుంచి నలభై నానోమీటర్ల ఖాళీ ఉంటుంది. వెలుపలి పొర కణద్రవ్యంలోని అంతర్జీవద్రవ్య జాలంతో కలిసిపోయి ఉంటుంది. ఆ జాలం మీద ఉన్నట్లే దీని మీద కూడా రైబోసోములు అంటుకొని ఉంటాయి.

మదురై మీనాక్షి ఆలయ ప్రాకారానికి నాలుగు దిక్కులా గోపుర ద్వారాలున్నాయి. క్షీరదాల కణ కేంద్రకానికి సాధారణంగా రెండు మూడు వేల ద్వారాలు ఉంటాయి. ఉపమానం ఇంతవరకే, ప్రాకారం రాతిగోడ, త్వచం నూనెపొర వంటి మెత్తని పదార్థం. ప్రతి రంధ్రం అంచున రెండు పొరలూ కలిసిపోతాయి. ఆ అంచులో సుమారు ముప్పై రకాల ప్రోటీన్లు ఎనిమిది రేకుల పువ్వులాగ అమరి ఉంటాయి. నీరు, లవణాలు, చిన్న అణువులు అడ్డులేకుండా వచ్చిపోతాయి. పెద్ద ప్రోటీను లోపలికి పోవాలంటే దాని మీద చిరునామా వంటి ఒక గుర్తు ఉండాలి. రవాణా ప్రోటీన్లు ఆ గుర్తును పట్టుకొని లోపలికి చేరుస్తాయి. ప్రోటీన్లలోనే ఇటువంటి చిరునామాలు ఉంటాయని కనుగొన్నందుకు గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి లభించింది.

బయటికి వచ్చేవాటిలో ముఖ్యమైనది ఆర్.ఎన్.ఎ. పూర్వం గ్రామ కరణం భూముల లెక్కల పుస్తకాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. కావలసిన భాగానికి నకలు రాసి ఇచ్చేవాడు. డి.ఎన్.ఎ. కూడా లోపలే ఉంటుంది. దాని నకలైన ఆర్.ఎన్.ఎ. మాత్రమే రంధ్రం దాటుతుంది. దాటేముందు అందులోని అనవసరమైన భాగాలు కత్తిరింపబడతాయి. బాక్టీరియాలో కేంద్రక త్వచం లేదు. అక్కడ నకలు ఇంకా పూర్తికాకముందే రైబోసోములు దానిని చదవడం ప్రారంభిస్తాయి. కత్తిరించి సరిచూసుకోవడానికి వ్యవధి కల్పించడమే త్వచం చేసే గొప్ప మేలు.

జంతుకణాలలో లోపలి పొరను ఆనుకొని లామిన్లు అనే ప్రోటీన్ల వల ఉంటుంది. కేంద్రకం ఆకారం చెడకుండా కాపాడేది అదే. మొక్కలలో లామిన్లు లేవు. ఆ పనిని వేరే ప్రోటీన్లు చేస్తాయి. పసివయసులోనే ముసలితనం వచ్చే ప్రొజీరియా అనే అరుదైన వ్యాధికి ఒక లామిన్ జన్యువులోని లోపమే కారణమని 2003లో తేలింది. ఆ పిల్లల కణాలలో కేంద్రకాలు సొట్టలు పడి ఉంటాయి. కొన్ని రకాల కండరాల క్షీణతకు కూడా లామిన్ల లోపమే మూలం. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధన సంస్థలో వీణా పర్నాయిక్, ఆమె సహచరులు ఈ లామిన్లపై చాలా కాలం పరిశోధన చేశారు.

కణం రెండుగా విడిపోయేటప్పుడు మొక్కలలోను, జంతువులలోను ఈ త్వచం ముక్కలై మాయమవుతుంది. క్రోమోజోములు రెండు గుంపులుగా విడిపోయాక ఒక్కొక్క గుంపు చుట్టూ కొత్తగా అల్లుకుంటుంది. దూదిపోగు మాత్రం విభజన చెందదు, అది సాగుతుందంతే. కాబట్టి దాని త్వచం చివరిదాకా అలాగే నిలిచి, ఆదేశాలను బయటికి పంపుతూ ఉంటుంది.

పత్తికాయ పండి పగిలేనాటికి ఆ కణం పని ముగుస్తుంది. కణద్రవ్యం ఎండిపోతుంది; కేంద్రకం, దాని త్వచం నశిస్తాయి. మిగిలేది సెల్యులోజు గొట్టం ఒక్కటే. అది ఎండి అణగారి, రిబ్బనులా మెలికలు తిరుగుతుంది. నూలు వడికేటప్పుడు పోగులు ఒకదానినొకటి పట్టుకొని నిలవడానికి ఆ మెలికలే తోడ్పడతాయి.