తిరువూరు నుంచి విడిభాగాల వేట
ఎన్టీఆర్ జిల్లా తిరువూరు లాంటి చిన్న పట్టణంలో సరదాగా సర్క్యూట్లు కట్టేవారికి మొదటి ఆధారం టీవీ, రేడియో మరమ్మతు దుకాణమే. పాడైన బోర్డుల నుంచి విప్పిన ట్రాన్స్‌ఫార్మర్లు, హీట్‌సింకులు, స్విచ్‌లు చాలావరకు నిక్షేపంగా పనిచేస్తాయి. పాత ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లను మాత్రం నమ్మకూడదు. వాటిలోని ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. కొత్తవి కావాలంటే విజయవాడ, అక్కడా లేకపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ.

బయల్దేరే ముందు పార్టు నంబరు పూర్తిగా రాసుకోవడం ముఖ్యం. 1ఎన్4007 లేదని 1ఎన్4001 తెచ్చుకుంటే కుదరదు. రెండూ 1 ఆంపియర్ డయోడ్లే, చూపుకీ ఒకేలా ఉంటాయి. కానీ మొదటిది 1000 వోల్టులు తట్టుకుంటే రెండోది 50 దగ్గరే ఆగిపోతుంది. ఇంటి కరెంటు 230 వోల్టులు! ఆన్‌లైన్‌లో అన్నీ దొరుకుతాయి గానీ ఒక్క రెసిస్టర్‌కు దాని ధరను మించి కొరియర్ ఖర్చవుతుంది. నలుగురు కలిసి తెప్పించుకోవడం మేలు.