నోటి లెక్కకు ముందు ఒక చూపు

గుడివాడ వైపు ధాన్యం దిగుబడిని బస్తాల్లో చెబుతారు. బస్తాకు 75 కిలోలు. ధర మాత్రం క్వింటాలుకు కడతారు. ఎకరాకు 28 బస్తాలు పండితే ఎన్ని క్వింటాళ్లు? 28ని 75తో హెచ్చవేసి వందతో భాగించవచ్చు. అలవాటున్నవాళ్లు అంత దూరం వెళ్లరు. 75 అంటే వందలో ముప్పాతిక. 28లో పాతిక 7, ముప్పాతిక 21. అంతే, 21 క్వింటాళ్లు.

నోటి లెక్కలో (కాగితం లేకుండా మనసులో కట్టే లెక్క) సగం పని ఈ చూపుతోనే అయిపోతుంది. ఈ అంకె దేనికి దగ్గర, దేనిలో ఎన్నో వంతు? పొడుపు లెక్కలు నేర్పేది ఇదే.

రూపాయికి 16 అణాలున్న రోజుల్లో పాతిక, వీసం (పదహారో వంతు) పిల్లల నోట ఆడేవి. 1957 ఏప్రిల్ 1న రూపాయి వంద నయాపైసలైంది. వీసాలతో పని తప్పింది. ఇప్పుడు కూడికలు కూడా ఫోనే చేసిపెడుతోంది. కాబట్టి సాధన కోసం లెక్కలు వెతుక్కోవాలి.

అవి మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన ‘గణితసార సంగ్రహా’న్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుడి లెక్కల్లో ఒకటి: 142857143ను 7తో హెచ్చవేయాలి. ఏడు మూళ్లు 21, ఒకటి వేసి రెండు చేతిలో ఉంచుకోవాలి. ఏడు నాలుగులు 28, చేతిలో రెండుతో 30, సున్నా వేయాలి. ఏడు ఒకట్లు 7, చేతిలో మూడుతో 10, మళ్లీ సున్నా. ఇలా సాగి జవాబు 1000000001 వస్తుంది. మధ్యలో సున్నా కానిది పడితే తప్పు అక్కడే దొరుకుతుంది. దిద్దడానికి మాస్టారు అక్కర్లేదు. పిల్లలకు మొదట ఇవ్వాల్సింది ఇలాంటిదేనని నా అభిప్రాయం.

పెద్దవాళ్లకు మెలిక ఉన్నది కావాలి. బందరు తీరంలో, దివిసీమలో రొయ్యల ధర కౌంటును బట్టి ఉంటుంది. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. చెరువులో 50 కౌంటు సరుకు 40కి వచ్చింది. ఒక్క రొయ్యా చావలేదనుకుందాం. మొత్తం బరువు ఎంత పెరిగింది? కౌంటు ఐదో వంతు తగ్గింది కదా అని చాలామంది 20 శాతం అనేస్తారు. ఒక్క రొయ్యను తూచి చూడండి. 50 కౌంటులో అది 20 గ్రాములు, 40లో 25. ఇరవై మీద అయిదు పెరిగింది, అంటే పాతిక వంతు. లక్ష రొయ్యలుంటే రెండు టన్నుల సరుకు రెండున్నర అయింది.

ఇది విలోమానుపాతం (ఒకటి ఎన్ని రెట్లు పెరిగితే రెండోది అన్ని రెట్లు తగ్గడం). తేడా 10ని పాత కౌంటుతో పోలిస్తే తగ్గుదల తెలుస్తుంది. కొత్త కౌంటుతో పోలిస్తే పెరిగిన బరువు తెలుస్తుంది. 40 నుంచి 30కి వస్తే? తేడా మళ్లీ పదే, కానీ బరువు ఈసారి మూడో వంతు పెరుగుతుంది. ఆ మూడో వంతు కోసం మేత ఖర్చు భరించాలా, ఇప్పుడే పట్టుబడి పట్టాలా అన్నది రైతు చెరువు గట్టు మీద నిలబడే తేల్చుకోవాలి.