లేసరు చూపునకు అడ్డువచ్చు విద్యుత్ రొద

హైదరాబాదు నుండి ముంబయి రహదారిపై పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు పోవునప్పుడు, కంది గ్రామము వద్ద ఐ.ఐ.టి. హైదరాబాదు ఆవరణ కానవచ్చును. 2008లో యెద్దుమైలారము ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికముగా మొదలైన ఈ సంస్థ తరువాత ఇచ్చటికి తరలి వచ్చినది. చోదకుడు లేకయే నడచు బండ్లను, డ్రోన్లను పరీక్షించుటకై ఇచ్చట ‘తిహాన్’ అను కేంద్రము ఏర్పడినది. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ దీనికి 130 కోట్ల రూపాయలు కేటాయించినది. దీని పరీక్షా రంగమును 2022 జూలై 4న కేంద్రమంత్రి జితేంద్ర సింగ్ ప్రారంభించిరి.

చోదకుడు లేని బండికి కన్నులు కావలెను గదా! కెమెరాలు, రాడార్లతో పాటు ‘లైడార్’ అను లేసరు పరికరము అట్టి కన్నులలో ఒకటి. ఆ కన్ను నిష్కళంకముగా చూడవలెనన్న, బండిలో పుట్టు విద్యుత్ రొద దానిని సోకకుండ కాపాడవలెను. అంతకంటె చిత్రమేమన, ఆ రొదలో కొంత భాగము ఆ కన్ను చేయునదే.

లైడార్ చూచు విధము

కొండ ఎదుట నిలిచి కేక వేసినచో కొంతసేపటికి ప్రతిధ్వని వినవచ్చును. ఆ వ్యవధిని బట్టి కొండ ఎంత దూరమో లెక్క కట్టవచ్చును. లైడార్ కేకకు బదులు కాంతిని పంపును. 905 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల, కంటికి కనబడని పరారుణ కాంతిని ఇందుకు తరచుగా వాడుదురు. కాంతి ఒక నానోసెకనులో, అనగా సెకనులో నూరు కోట్లవ వంతులో, 30 సెంటీమీటర్లు పోవును. 75 మీటర్ల దూరమున నున్న లారీని తాకి తిరిగి వచ్చుటకు దానికి 500 నానోసెకనులు చాలును. కాలము కొలుచుటలో ఒక్క నానోసెకను తప్పినచో దూరములో 15 సెంటీమీటర్ల తప్పు వచ్చును.

తిరిగి వచ్చు వెలుగు బహు స్వల్పము. దూరము రెట్టింపైనచో అది నాల్గవ వంతుకు తగ్గును. లారీ నుండి ఊడి రోడ్డుపై పడిన టైరు ముక్క వంటి నల్లని వస్తువు తనపై బడిన కాంతిలో అధిక భాగమును మ్రింగివేయును. మిగిలిన కొద్దిపాటి వెలుగు ఫోటోడయోడులో పుట్టించు కరెంటు అత్యల్పము. దానిని వర్ధకము, అనగా యాంప్లిఫయరు, వేల రెట్లు పెంచును. అయితే వర్ధకమునకు విచక్షణ లేదు. వెలుగుతో పాటు చొరబడిన రొదను కూడ అది అంతే పెంచును.

రొద ఎచ్చట పుట్టును?

1887లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హైన్‌రిచ్ హెర్ట్జ్ ఒక చోట విద్యుత్ రవ్వను ఎగురగొట్టి, దానితో ఏ సంబంధము లేని తీగవలయములో మరొక చిన్న రవ్వ పుట్టుటను కనుగొనెను. మారుచున్న కరెంటు నుండి తరంగములు వెలువడి గాలిలో వ్యాపించునని ఈ ప్రయోగము నిరూపించినది. కరెంటు ఎంత వేగముగా మారినచో తరంగములు అంత సులభముగా బయలుదేరును.

హెర్ట్జ్ కోరి చేసిన పనిని లైడార్ కోరకయే చేయుచున్నది. ఉదాహరణకు, లేసరు డయోడును వెలిగించుటకు 20 ఆంపియర్ల కరెంటు 2 నానోసెకనులలో లేవవలెననుకొందము. అట్టి పోటు ఇంచుమించు 160 మెగాహెర్ట్జుల వరకు బలమైన రొదను లేపును. హైదరాబాదు ఎఫ్.ఎం. రెయిన్‌బో ప్రసారమగు 101.9 మెగాహెర్ట్జులు ఈ హద్దులోనివే. అంతకు పైన రొద సన్నగిల్లునే గాని పూర్తిగా నశింపదు. జి.పి.ఎస్. ఉపగ్రహములు 1575.42 మెగాహెర్ట్జులపై పంపు సంకేతము నేలను చేరునప్పటికి ఎంత బలహీనమగునో చూడుడు: ఒక వాటును కోటి కోటి భాగములు చేసి, అందొక భాగమును మరల నూరు భాగములు చేసినచో వచ్చు ఒక వంతు మాత్రమే. సన్నని రొదయైనను దానిని కప్పివేయగలదు.

లైడార్ ఇతరుల రొదకు తానును లోబడును. విద్యుత్ బండ్లలో మోటారునకు కరెంటునందించు ఇన్వర్టరు వందల ఆంపియర్లను సెకనునకు వేల మార్లు వేయుచు ఆర్పుచు ఉండును. వైపరు మోటారు, హారను, ప్రయాణికుని సెల్‌ఫోను కూడ తమ వంతు రొదను చేర్చును.

రెండు విధముల కీడు

బయటి రొద వేళ పాళ లేక వచ్చును. అది వర్ధకములో ఒక పోటుగా లేచినచో, లైడార్ దానిని ప్రతిఫలించిన వెలుగుగా భ్రమించి, లేని అడ్డంకిని ఉన్నట్లు చూపవచ్చును. రహదారిపై బండి ఊరక బ్రేకు వేసినచో వెనుక వచ్చు లారీ గతి ఏమగును? పోనీ, చిన్న పోట్లను లెక్క చేయవద్దని హద్దు పెంచుదమన్న, నిజముగా నున్న టైరు ముక్క కూడ ఆ హద్దు క్రిందనే మరుగుపడిపోవును.

దీనికి ఒక ఉపాయము కలదు. నిజమైన వస్తువు ప్రతిసారియు అదే వ్యవధిలో జవాబిచ్చును. రొద అట్లు ఇయ్యదు. కనుక 16 మార్లు వెలుగు పంపి ఫలితములను కూర్చి సగటు తీసినచో, క్రమము లేని రొద నాల్గవ వంతుకు తగ్గును.

కాని సొంత రొద ఈ ఉపాయమునకు లొంగదు. అది లేసరు పేలిన క్షణముననే ప్రతిసారియు తప్పక వచ్చును. మొదటి 10 నానోసెకనులు వర్ధకము ఆ దెబ్బకు దిమ్మెరపోయినచో, బండికి ఎదుట ఒకటిన్నర మీటరు మేర లైడార్‌కు కన్ను కనబడదు. బండి ముందు నిలిచిన పిల్లవాడు ఆ మేరలోనే ఉండవచ్చును.

మూలముననే అణచుట

కరెంటు పోటును మెల్లగా లేపినచో రొద తగ్గును. కాని వెలుగు పోటు కూడ మొద్దుబారి, దూరము కొలుచుటలో తప్పు పెరుగును. పదును పోకూడదు, రొద రాకూడదు. ఈ చిక్కును విప్పునది తీగల అమరిక.

కరెంటు బయలుదేరిన చోటికే తిరిగి రావలెను. అది పోవు దారియు వచ్చు దారియు కలిసి ఒక వలయమగును. ఆ వలయమే ఏరియలు. దాని వైశాల్యము సగమైనచో వెలువడు క్షేత్రము కూడ సగమగును. పైగా ఒక సెంటీమీటరు తీగకు ఇంచుమించు 10 నానోహెన్రీల ప్రేరకత్వము ఉండును. పైన చెప్పిన పోటుకు అది 100 వోల్టులు ఎదురు నిలుపును. కావున కండెన్సరును, ట్రాన్సిస్టరును, లేసరు డయోడును ఒకదానినొకటి ఆనునట్లు అమర్చి, తిరుగుదారిని సర్క్యూట్ బోర్డులో సరిగా వాని క్రింది పొరలోనే వేయుదురు. పోవు కరెంటు క్షేత్రమును వచ్చు కరెంటు క్షేత్రము చాల వరకు రద్దు చేయును. ఇందువలన రొద తగ్గుటయే గాక పోటుకు పదును కూడ హెచ్చును.

పెట్టె, కిటికీ, తీగ

మిగిలిన రొదను లోహపు పెట్టెలో బంధింపవలెను. 1836లో మైకేల్ ఫారడే లోహపు గదిలో కూర్చుండి, బయట ఎంత విద్యుత్తు చెలరేగినను లోపల దాని జాడ లేకుండుటను చూపెను. అయితే లైడార్ పెట్టెకు కిటికీ తప్పదు. వెలుగు పోవలెను గదా! అందుచేత కిటికీ అద్దముపై విద్యుత్తును ప్రవహింపనిచ్చు పారదర్శకమైన పూతను గాని, అతి సన్నని లోహపు జాలను గాని అమర్చవచ్చును. జాల కన్నుల గుండ వెలుగు దూరిపోవును. సెంటీమీటర్ల, మీటర్ల పొడవు గల రేడియో తరంగములు దూరలేవు.

పెట్టెకు మూతకు నడుమ సందు వెంట్రుకవాసి వెడల్పున్నను, పొడవైనచో తరంగములు కారిపోవును. కనుక స్క్రూలను దగ్గర దగ్గరగా బిగింతురు. లోపలికి వచ్చు కేబులు కవచమును ఒక తోకతీగతో తగిలింపక, పెట్టె గోడకు చుట్టును అంటునట్లు బిగింపవలెను. కరెంటు తీగలకు ఫెరైటు వలయములు, ఫిల్టర్లు తొడుగుదురు.

పరీక్ష

బండ్లలోని రేడియోల రక్షణకు ‘సిస్పర్ 25’, పరికరములు రొదను ఎంతవరకు తట్టుకొనునో చూచుటకు ‘ఐ.ఎస్.ఓ. 11452’ అను అంతర్జాతీయ ప్రమాణములు కలవు. భారతదేశములో ‘ఏ.ఐ.ఎస్. 004’ మూడవ భాగము వాహనముల విషయమున ఈ సంగతులను నిర్ణయించును. తరంగములను పీల్చు శంకువులతో గోడలను కప్పిన గదిలో ఈ పరీక్షలు జరుగును.

ఈ విద్య పరిశోధకులది మాత్రమే కాదు. పెట్టెకు మూత ఆను అంచున రంగు పూయబడినచో లోహము లోహమును తాకదు. ఎంత గట్టిగా బిగించినను కవచము కవచము కాదు. ప్రయోగశాలలో నెలల తరబడి అణచిన రొద ఆ పూత సందున బయటపడును. కావున ఆ అంచును రంగు లేకుండ విడువవలెనని యెరిగిన కార్మికుడు కూడ, రహదారిపై పోవు వారి ప్రాణములను కాపాడువాడే.