బ్రేకు పెడలు బిగిసిన వేళ

గృహిణికి బండి మరమ్మతులతో పని యేమని మా సోదరీమణులలో కొందఱు ప్రశ్నింపవచ్చును. పొయ్యి సరిగా మండనిచో కారణ మరయుట మనకెట్లు విధియో, ఇంటిల్లిపాదిని పోషించు బండి మొండికెత్తినపుడు దాని కారణము నరయుటయు నట్లే విధియని మేము తలంతుము. మా కుటుంబము కూరగాయలను రైతుబజారునకు చేర్చు నొక చిన్న పికప్ బండిపై నాధారపడి యున్నది.

ఒకనాటి వేకువను మా మఱది వంకాయల బుట్టలతో నేటవాలు బాట దిగుచుండగా బ్రేకు పెడలు రాయివలె బిగిసిపోయెను. ఆ వాలు చివర పిల్లల బడి యున్నది. దైవవశమున నప్పటికి బడి తెఱవలేదు. అతడు రెండు పాదములతో బలముకొలది త్రొక్కి, చిన్న గేరునకు దించి, యెట్టకేలకు బండిని నిలిపెను. ఆనాడే మరమ్మతుశాలలో బ్రేకు ప్యాడ్లు మార్పించితిమి. సొమ్ము పోయినది గాని బిగువు పోలేదు.

కారణ మెఱుగుటకు ముందు బ్రేకు పనిచేయు తీరును గ్రహింపవలెను. మన పాదబలము చాలదు గనుక, పెడలునకు ముందు బూస్టరను గుండ్రని రేకుడబ్బా యొకటి అమర్పబడి యుండును. దానిలోని రబ్బరుతెర కిరువైపులను గాలి తీసివేయబడి యుండును. పెడలు త్రొక్కగనే తెర వెనుకకు బయటిగాలి చొచ్చి దానిని ముందునకు నెట్టును. ఆ నెట్టుడే మన పాదమునకు తోడు. పెట్రోలు బండ్లలో సాధారణముగా ఇంజనే యా గాలిని పీల్చును. డీజిలు బండ్లలో నందులకు వేఱొక పంపుండును. 1927లో బెల్జియము దేశీయుడగు ఆల్బెర్ట్ డెవాండ్ర్ ఇట్టి సాధనమును కనిపెట్టెను. పెడలు బిగిసెనన్న, తఱచుగా నీ తోడు తప్పినదని యర్థము. పెడలు మెత్తగా లోనికి దిగిపోవుట వేఱు వ్యాధి. దానికి బ్రేకు నూనె తగ్గుటయో, గొట్టములలో గాలి చేరుటయో కారణము కావచ్చును.

మా పొరుగున నున్న వృద్ధ డ్రైవరొకరు విని వచ్చి, బండిని చదునునేలపై నిలిపించి, హ్యాండుబ్రేకు వేయించిరి. “అబ్బాయీ, ఇంజను ఆపి నాలుగైదు మాఱులు త్రొక్కుము. పెడలు గట్టిపడిన పిదప పాదము తీయక యింజను నడుపుము” అనిరి. బూస్టరు ఆరోగ్యముగా నున్నచో నపుడు పెడలు పాదము క్రింద కొంచెము దిగవలెను. మాది దిగలేదు! ఆయన చెవి యొగ్గి వినగా, బూస్టరునకు పోవు రబ్బరుగొట్టము వంపునొద్ద బుసబుసమను శబ్దము వినవచ్చెను. ఇంజను ఆపి చూడ, వేడికి పగిలిన చీలిక యొకటి కనబడెను. క్రొత్త గొట్టము వేసి మరల పరీక్షింపగా పెడలు చక్కగా దిగెను.

గొట్టము బాగున్నచో, గాలిని ఒకేవైపు పోనిచ్చు కవాటమును, పంపును, లోపలి తెరను క్రమముగా చూపింపవలెను. ఇంజను రెండు నిమిషములు నడిపి ఆపిన వెంటనే తొలి త్రొక్కే గట్టిగా నున్న, శూన్యము నిలువక కాఱిపోవుచున్నదని తెలియును. ఈ పరీక్షలన్నియు సరిగా నుండియు పెడలు బిగిసినచో, చక్రములయొద్ద పిస్టనులు పట్టుకొనుటయో, పెడలు ఇరుసు త్రుప్పుపట్టుటయో విచారింపవలెను.

డీజిలు ఆదా యగునని పల్లమున ఇంజను ఆపి బండిని జాఱనిచ్చు అలవాటు కొందఱికి గలదు. ఇంజను ఆగిన పిదప బూస్టరులో ఒకటి రెండు త్రొక్కులకు మాత్రమే తోడు మిగులును. దారిలో పెడలు బిగిసిన మాటిమాటికి త్రొక్కి వదలరాదు. బలమంతయు నుంచి త్రొక్కి పట్టి, గేరు దించి, హ్యాండుబ్రేకును మెల్లగా లాగవలెను. పిదప బాగుచేయించువఱకు బండిని కదల్పరాదు.

ఇపుడు మా మఱది ప్రతి యుదయమును బయలుదేఱుటకు ముందు ఆ పరీక్ష చేయును. పెడలు దిగినదని అతడు చెప్పినగాని మేము బుట్ట లెక్కింపనీయము.