గణాంకశాస్త్రంలో పై చదువు: ఎక్కడ, ఎవరి ఖర్చుతో?

1950వ దశకంలో క్షయ సోకినవారిని ఇంటికి దూరంగా శానటోరియంలో ఉంచి నెలల తరబడి వైద్యం చేసేవారు. మన దేశంలో రోగులు లక్షల్లో ఉంటే ఆసుపత్రి మంచాలు వేలల్లోనే ఉండేవి. మంచం దొరకనివారి గతి ఏమిటి? ఇరుకు ఇంట్లో, చాలీచాలని తిండితో ఉన్న రోగికి మందు పనిచేస్తుందా? పక్కనే పడుకునే పిల్లలకు వ్యాధి అంటుకోదా? 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ పరిశోధన కేంద్రం ఈ ప్రశ్నలను చేపట్టింది. రోగులను ఎవరి ఇష్టాయిష్టాలకూ తావులేకుండా యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి ఇంటివద్దనే, మరొక వర్గానికి శానటోరియంలో, ఒకే మందులను ఏడాదిపాటు ఇచ్చారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంటివద్ద వైద్యం పొందినవారు శానటోరియంలోని వారితో దాదాపు సమానంగా కోలుకున్నారు. వారి కుటుంబ సభ్యులకు అదనపు ముప్పు కూడా కనిపించలేదు. క్షయరోగి ఇంట్లో ఉండి మాత్రలు వేసుకుని నయం చేసుకోవడం ఇప్పుడు మనకు మామూలు విషయం. దానికి దారి వేసిన పరిశోధనల్లో ఇది ముఖ్యమైనది.

మందు కనిపెట్టినవారు వేరు, రోగికి ఇచ్చినవారు వేరు. పోలిక న్యాయంగా జరిగేలా ముందే ఏర్పాటు చేసి, చివర కనిపించిన తేడా నిజమైనదా, కాకతాళీయమా అని తేల్చేవారు మరొకరు. ఆ మూడవ వ్యక్తి విద్యే బయోస్టాటిస్టిక్స్, అంటే వైద్య, ఆరోగ్య రంగాలకు అన్వయించిన గణాంకశాస్త్రం. మన ఇళ్లలో డాక్టరు తెలుసు, ఇంజనీరు తెలుసు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కూడా తెలుసు. ఈ మూడవ వ్యక్తి గురించి మాత్రం ఎవరూ చెప్పరు. డిగ్రీలో గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్లు కలిపి బి.ఎస్సీ. చదివే అమ్మాయిలూ అబ్బాయిలూ మన పట్టణాల్లో ఎందరో ఉన్నారు. ఇంజనీరింగులో సీటు రానివారి చదువుగా దాన్ని చూడటం పెద్దలకు అలవాటు. ఆ అలవాటు సరైనది కాదు. ఎందుకు కాదో ఈ వ్యాసం సగానికి వచ్చేసరికి పాఠకులకే తెలుస్తుంది.

విదేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో, ఈ చదువుకు వెళ్లాలనుకునేవారు మొదట విశ్వవిద్యాలయాల ర్యాంకులు వెతుకుతారు. నా దృష్టిలో మొదటి ప్రశ్న అది కాదు. ఆ చదువుకు డబ్బు ఎవరు కడతారన్నదే మొదటి ప్రశ్న. ఎం.ఎస్. కోర్సును అక్కడి విశ్వవిద్యాలయాలు సాధారణంగా విద్యార్థి సొంత ఖర్చుతోనే నడుపుతాయి. రెండేళ్ల ట్యూషన్, అద్దె, ఆరోగ్య బీమా, తిండి కలిపితే 50 లక్షల రూపాయలు దాటడం సామాన్యం. పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఈ మొత్తం కోటికి కూడా చేరవచ్చు. పీహెచ్.డి. సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. గణాంకశాస్త్రంలో పీహెచ్.డి.కి ఎంపికైన విద్యార్థికి చాలా విశ్వవిద్యాలయాలు ట్యూషన్ మాఫీ చేస్తాయి. బోధనలోనో పరిశోధనలోనో సహాయకుడిగా పనిచేసినందుకు ఏడాదికి సుమారు 25 వేల నుంచి 45 వేల డాలర్ల భృతి కూడా ఇస్తాయి. అంటే తక్కువ చదువుకు మనం చెల్లించాలి, ఎక్కువ చదువుకు వాళ్లు చెల్లిస్తారు. వినడానికి వింతగా ఉన్నా అక్కడి పద్ధతి ఇదే.

వడ్డీ అప్పు జోలికి పోకూడదనుకునే కుటుంబాలకు ఈ తేడా చాలా పెద్దది. ఎం.ఎస్. కోసం బ్యాంకు విద్యారుణం తీసుకోవాలా, ఇల్లు తాకట్టు పెట్టాలా అని అన్నదమ్ములు, బావమరుదులు కూర్చుని తర్జనభర్జన పడటం తరచూ చూస్తుంటాం. పీహెచ్.డి.కి తగిన సామర్థ్యం బిడ్డలో ఉంటే ఆ చర్చే అవసరం లేదు. అయితే ఇందులో ఒక చిక్కుంది. పీహెచ్.డి. అంటే సుమారు ఐదేళ్లు. రెండేళ్లు భృతి తీసుకుని, చేతికి ఎం.ఎస్. పట్టా రాగానే ఉద్యోగానికి వెళ్లిపోదామని ముందే అనుకుని దరఖాస్తు చేయమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. చదువు మధ్యలో మనసు మారడం వేరు, మొదటినుంచీ ఆ ఉద్దేశం దాచిపెట్టి సంతకం చేయడం వేరు. రెండవది చేయమని మన పిల్లలకు చెప్పకూడదు.

మరి పీహెచ్.డి.కి ఎవరిని తీసుకుంటారు? ప్రవేశాల కమిటీ మొదట చూసేది గణితం. బహుచరరాశుల కలన గణితం, లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, మేథమెటికల్ స్టాటిస్టిక్స్ చదివి ఉండాలి. వీటన్నిటికీ మించి రియల్ అనాలిసిస్ చదివి, అందులో మంచి మార్కులు తెచ్చుకుని ఉండాలి. రియల్ అనాలిసిస్ అంటే కలన గణితంలోని సూత్రాలు ఎందుకు నిజమో నిరూపించే విభాగం. బీ.టెక్. విద్యార్థులు సాధారణంగా దీని ముఖం కూడా చూడరు. బి.ఎస్సీ. గణితం చదివినవారికి అది పాఠ్యప్రణాళికలోనే ఉంటుంది. ఇంజనీరింగు రాక డిగ్రీలో చేరిందని బంధువులు జాలిపడిన అమ్మాయి ఈ ఒక్క విషయంలో తన బీ.టెక్. అన్నకంటే ముందుంటుంది. ఆర్ లేదా పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం కూడా రావాలి. అది ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. రియల్ అనాలిసిస్ అలా వచ్చేది కాదు.

ఆ అమ్మాయికి ఎదురయ్యే అడ్డంకి మరొకటి. మన బి.ఎస్సీ. మూడేళ్లది. అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. అందుకే ఇక్కడ ఎం.ఎస్సీ. చేసి వెళ్లడం మన విద్యార్థులకు బాగా కలిసివచ్చే దారి. చాలామంది దీన్ని రెండేళ్ల ఆలస్యం అనుకుంటారు. ఆ రెండేళ్లలో గణిత పునాది గట్టిపడుతుంది, సిఫారసు లేఖ రాయగల గురువులు దొరుకుతారు, కోర్సు ముగిశాక ఇక్కడే ఉద్యోగం చేసే వీలూ ఉంటుంది. 1931లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ కలకత్తాలో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఎం.స్టాట్. కోర్సు వీటిలో మొదట చెప్పుకోదగినది. అక్కడ విద్యార్థులకు నెలనెలా స్టైపెండు ఇచ్చే సంప్రదాయం ఉంది. ఫీజుల వివరాలు మాత్రం ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూసుకోవాలి. ప్రవేశ పరీక్ష కఠినం. బట్టీ పట్టినవారు అందులో నెగ్గలేరు. కాన్పూరు, బొంబాయి ఐ.ఐ.టి.ల ఎం.ఎస్సీ.లకు జామ్ అనే పరీక్ష ఉంటుంది, అందులో మేథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపరు రాయాలి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సి.యు.ఇ.టి. పీజీ, ఉస్మానియాకు సీపీగెట్, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్ రాయాలి. ఇల్లు వదిలి దూరం పంపడానికి వెనుకాడే తల్లిదండ్రులకు ఈ చివరివే అందుబాటులో ఉంటాయి. వాటిని చిన్నచూపు చూడనక్కరలేదు. బయోస్టాటిస్టిక్స్‌పైనే మనసున్నవారికి వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఎం.ఎస్సీ. ఉంది. సీట్లు కొద్దే అయినా ఆసుపత్రి గోడల మధ్య, వైద్యుల సరసన ఆ విద్య నేర్చుకునే అవకాశం మన దేశంలో అరుదు.

గణాంకశాస్త్రానికి మూలం గణితమేనని చెప్పడానికి సి.ఆర్.రావు జీవితమే నిదర్శనం. తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివి, ఉద్యోగ ప్రయత్నంలో కలకత్తా వెళ్లి, 1941లో మహలనోబిస్ సంస్థలో శిక్షణకు చేరారు. 1945లో, పాతికేళ్లు నిండకముందే, ఆయన ప్రచురించిన ఒక వ్యాసాన్ని ప్రపంచమంతటా గణాంకశాస్త్ర విద్యార్థులు నేటికీ చదువుతున్నారు. ఆ కృషికి 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించింది. అప్పటికి ఆయన వయసు నూటరెండేళ్లు.

ఇక గణాంకశాస్త్రమా, బయోస్టాటిస్టిక్సా అన్న ప్రశ్న. అమెరికాలో గణాంకశాస్త్ర విభాగం సాధారణంగా సైన్సు కళాశాలలో ఉంటుంది. బయోస్టాటిస్టిక్స్ విభాగం చాలాచోట్ల ప్రజారోగ్య పాఠశాలలో ఉంటుంది. జాన్స్ హాప్‌కిన్స్, హార్వర్డ్, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, మిషిగన్, చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా ఈ రెండవ రంగంలో ప్రసిద్ధాలు. మొదటి రెండేళ్ల పాఠాల్లో పెద్ద తేడా కనిపించదు. అసలు తేడా డబ్బు వచ్చే దారిలో ఉంది, దాన్ని మన విద్యార్థులు తరచూ గమనించరు. గణాంకశాస్త్ర విభాగం వేలాది డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతుంది కనుక బోధన సహాయకులు దానికి ఎప్పుడూ కావాలి. ఆ పనికి ఏ దేశపు పౌరుడన్న పట్టింపు లేదు, మాట్లాడే ఇంగ్లీషు బాగుంటే చాలు. బయోస్టాటిస్టిక్స్ విభాగంలో డిగ్రీ విద్యార్థులు తక్కువ. అది ఎక్కువగా వైద్య పరిశోధన నిధులపై ఆధారపడుతుంది. అమెరికా ప్రభుత్వపు జాతీయ ఆరోగ్య సంస్థ ఇచ్చే శిక్షణ గ్రాంట్లు ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే వర్తిస్తాయి. కాబట్టి గుంటూరు నుంచి దరఖాస్తు చేసే విద్యార్థికి బయోస్టాటిస్టిక్స్ పీహెచ్.డి.లో పోటీ మరింత తీవ్రం. డల్లాస్‌లో పుట్టి పెరిగిన మేనమామ కూతురికి ఆ ఇబ్బంది లేదు. ఆమె అనుభవం విని ఇక్కడివారు అంచనాలు వేసుకోకూడదు. 2025లో ఆ దేశంలో వైద్య పరిశోధన నిధులకు కోతలు పడటంతో కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్.డి. ప్రవేశాలను తగ్గించుకున్నాయి కూడా. వైద్యరంగమే లక్ష్యమైనా రెండు రకాల విభాగాలకూ దరఖాస్తు చేయడం మేలు. గణాంకశాస్త్ర విభాగాల్లో వైద్య పరిశోధన చేసే ఆచార్యులు లేకపోలేదు.

దరఖాస్తుల గడువు ఎక్కువచోట్ల డిసెంబరు 1 నుంచి 15 మధ్య ముగుస్తుంది. చదువు మొదలయ్యేది మరుసటి ఆగస్టులో. ఒక్కో దరఖాస్తుకు 75 నుంచి 125 డాలర్ల వరకు అవుతుంది కనుక ఇరవై చోట్లకు పంపడం వృథా. ఎనిమిదో పదో చాలు. మార్కుల శాతాన్ని గ్రేడు పాయింట్లుగా ఎవరితోనో మార్పించవద్దు. విశ్వవిద్యాలయం కోరితే తప్ప మన మార్కులను మన పద్ధతిలోనే చూపాలి. జీఆర్ఈని చాలా విభాగాలు ఇప్పుడు తప్పనిసరి చేయడం లేదు.

సిఫారసు లేఖలు మూడు కావాలి. మన దగ్గర ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ప్రిన్సిపాలు సంతకం ఉంటే బరువుగా ఉంటుందని, తనను ఎరగని పెద్దాయన చేత ‘వినయశీలి, కష్టజీవి’ అని రాయించుకుంటారు. దానితో కమిటీకి తెలిసేది ఏమీ లేదు. కొన్ని కాలేజీల్లో లేఖను విద్యార్థే రాసుకుని తెస్తే గురువుగారు సంతకం చేస్తారు. మూడు లేఖలూ ఒకే చేతిరాతలా ఉండటం చదివేవారికి తెలియకపోదు. పైగా అది అబద్ధపు సాక్ష్యం. రియల్ అనాలిసిస్ చెప్పిన లెక్చరరు, ఫలానా సిద్ధాంతాన్ని ఈ విద్యార్థి పుస్తకంలో లేని పద్ధతిలో నిరూపించిందని నాలుగు వాక్యాలు రాస్తే, ఆ లేఖకు ఉండే విలువ వేరు. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాకపోయినా పరవాలేదు. లేఖను సెప్టెంబరులోనే అడగాలి, మార్కుల జాబితాతో, చేసిన ప్రాజెక్టు వివరంతో సహా. లక్ష్య ప్రకటన అనే వ్యాసం విషయంలోనూ ఇంతే. కన్సల్టెన్సీలు డబ్బు తీసుకుని రాసిచ్చేవన్నీ ‘చిన్నప్పటి నుంచి నాకు సంఖ్యలంటే ఇష్టం’ అనే ధోరణిలో ఉంటాయి. ఏ ప్రశ్న మీద పని చేశాను, ఎక్కడ చిక్కుకున్నాను, ఆ విభాగంలో ఎవరి పరిశోధన దానికి దగ్గర అన్నవి చెబితే రెండు పుటలు చాలు.

పీహెచ్.డి. అందనివారికి, అక్కరలేనివారికి దారులు మూసుకుపోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2015 నుంచి మైనారిటీ విద్యార్థుల కోసం ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం నడుపుతోంది. అర్హులకు 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది, తిరిగి చెల్లించనక్కరలేదు. కుటుంబ వార్షికాదాయం 5 లక్షలకు మించకూడదు. జీఆర్ఈ స్కోరును ఈ పథకంలో అడుగుతారు కనుక, విశ్వవిద్యాలయం అడగలేదని ఆ పరీక్ష మానుకున్నవారు ఇక్కడ చిక్కుల్లో పడతారు. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. మ్యూనిక్ వంటి చోట్ల గణాంకశాస్త్రం ఎం.ఎస్సీ. ఇంగ్లీషులో బోధిస్తారు. వీసా కోసం ఏడాది జీవన వ్యయాన్ని బ్యాంకులో ముందే చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. ఆ సొమ్ము విద్యార్థిదే, నెలనెలా కొంత చొప్పున తీసుకుని వాడుకుంటాడు. హైదరాబాదులోని బహుళజాతి ఔషధ కంపెనీల కార్యాలయాల్లో మందుల ప్రయోగాల దత్తాంశాన్ని విశ్లేషించే ఉద్యోగాలకు ఇక్కడి ఎం.ఎస్సీ. చదివినవారు కూడా వెళుతున్నారు. కొందరు మూడు నాలుగేళ్లు అలా పనిచేసి, కూడబెట్టుకుని, అప్పుడు పై చదువుకు బయలుదేరుతారు. పెళ్లి వయసు దాటిపోతుందన్న బెంగ పెద్దలది, చదువు ఆగిపోతుందన్న బెంగ అమ్మాయిది. ఈ రెండింటినీ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి, పక్కింటివారి ద్వారా కాదు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో జవాబులు వస్తాయి. సీటు ఖాయమని ఉత్తరం రాగానే వెంటనే ఒప్పుకోవాలని కొందరు కంగారుపడతారు. భృతితో కూడిన సీటు విషయంలో ఏప్రిల్ 15 వరకు ఆలోచించుకునే గడువును అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలు ఉమ్మడిగా అంగీకరించాయి. ఈలోగా ఆ విభాగంలో ప్రస్తుతం చదువుతున్న ఇద్దరు ముగ్గురికి ఉత్తరం రాసి అడగవలసినవి ఉన్నాయి. భృతి ఎన్నేళ్లకు హామీ ఇచ్చారు? వేసవి మూడు నెలలకూ వస్తుందా? ఆరోగ్య బీమా, ఇతర రుసుములు పోగా చేతికి ఎంత మిగులుతుంది, అందులో ఇంటి అద్దె ఎంత? అర్హత పరీక్షలో తప్పినవారికి రెండవ అవకాశం ఇస్తారా? చేరినవారిలో ఎందరు పూర్తి చేశారు, ఎందరు మధ్యలో వెళ్లిపోయారు? పేరున్న ఆచార్యుడు కొత్త విద్యార్థులను నిజంగా తీసుకుంటున్నాడా, వారానికి ఒకసారైనా కలుస్తాడా? వీటికి సూటిగా జవాబిచ్చిన విభాగం ర్యాంకులో పది మెట్లు కిందున్నా నేనైతే దానివైపే మొగ్గుతాను.