వేతనమునుండి ఆదాయపు పన్ను కోతయు, పోష్యవర్గమును : బెళ్ళందూరు తెలుగు కుటుంబముల సందేహములు

బెంగుళూరు నగరమునకు ఆగ్నేయభాగమున ఔటర్ రింగురోడ్డు పొడవున నున్న బెళ్ళందూరు ఒకనాడు చెరువు క్రింది వ్యవసాయ గ్రామము. ఆ భూములపై పండిన పంటకు ఆదాయపు పన్ను లేకుండెను; వ్యవసాయాదాయమును కేంద్రప్రభుత్వపు ఆదాయపు పన్ను చట్టము నేటికిని స్పృశింపదు. అదే నేలపై ఇప్పుడు సాఫ్టువేరు కంపెనీల భవనములును, బహుళాంతస్తుల నివాసములును లేచినవి. వాటిలో పనిచేయువారి జీతములును, వాటినుండి వచ్చు అద్దెలును పన్నునకు లోబడినవి. ఇచట తెలుగువారు రెండు వైపులను కలరు. తరతరములుగా ఈ ప్రాంతమున భూములు కలిగి, ఇంటిలో తెలుగు మాటలాడు కుటుంబములు ఒకవైపు. ఆంధ్ర, తెలంగాణ జిల్లాలనుండి ఉద్యోగార్థము వచ్చి అద్దె ఇండ్లలో నున్నవారు మరియొకవైపు. దేశము నలుమూలలనుండి దాఖలగు ఆదాయపు పన్ను రిటర్నులను పరిశీలించు కేంద్రీకృత కార్యాలయము 2009 ప్రాంతమున స్థాపింపబడినదియు ఈ బెంగుళూరులోనే. అయినను నెల చివర జీతపు చీటి చేతికి వచ్చినపుడు కలుగు సందేహములు మాత్రము కార్యాలయము దగ్గర నున్నంత మాత్రమున తీరుటలేదు.

ఆ సందేహములలో ముఖ్యమైనవి మూడు. జీతము చేతికి రాకమునుపే పన్ను ఏల కోయుదురు? ఊరిలోని తల్లిదండ్రులను, చదువుకొను తమ్ముని పోషించుచున్నను ఆ భారము పన్ను లెక్కలోనికి ఏల రాదు? కోసిన సొమ్ము ప్రభుత్వమునకు చేరనిచో ఎవరు బాధ్యులు? వీనిలో రెండవదియే కుటుంబములకు ఎక్కువ బాధాకరమైనది. మూడవది అరుదుగా వచ్చునది గాని, వచ్చినప్పుడు మిక్కిలి నష్టకరమైనది.

ఇచట ఉదహరింపబడు సెక్షను సంఖ్యలు 1961వ సంవత్సరపు చట్టమునకు చెందినవి. లెక్కలు 2025-26 ఆర్థిక సంవత్సరమునకు చెందినవి. 2025వ సంవత్సరపు నూతన ఆదాయపు పన్ను చట్టము 2026 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చుటతో సెక్షనుల సంఖ్యలు మారినవి. 'గత సంవత్సరము', 'అంచనా సంవత్సరము' అను జంట పదములకు బదులు 'పన్ను సంవత్సరము' అను ఒకే పదము వచ్చినది.

మూలమునందే పన్ను కోయుట కొత్త పద్ధతి కాదు. 1922వ సంవత్సరపు చట్టములోని 18వ సెక్షనే జీతములనుండి కోతను విధించినది. 1961 చట్టమున ఆ స్థానమును 192వ సెక్షను ఆక్రమించినది. దీని ప్రకారము యజమాని ఉద్యోగియొక్క సంవత్సరాదాయమును ముందుగా అంచనావేసి, దానిపై పన్ను కట్టి, ఆ పన్నును నెలలకు పంచి కోయవలెను. ఇది అంచనాయేగాని తీర్పు కాదు. ఉద్యోగి ఇచ్చిన సమాచారమును బట్టి అంచనా మారును. ఏప్రిల్ నెలలో అద్దె, బీమా, పిల్లల ఫీజుల వివరములు తెలుపనివానికి జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలలో కోత హఠాత్తుగా పెరుగుటయు, అధికముగా కోయబడినవానికి రిటర్ను దాఖలు చేసిన పిమ్మట సొమ్ము తిరిగి వచ్చుటయు ఈ కారణముననే.

బెళ్ళందూరువంటి చోట ఉద్యోగము మారుట సర్వసాధారణము. సంవత్సరమధ్యమున కంపెనీ మారినవాడు మొదటి చోట వచ్చిన జీతమును, జరిగిన కోతను కొత్త యజమానికి తెలుపనియెడల, ఇరువురు యజమానులును పన్ను లేని తొలి అంతరువును, స్టాండర్డు డిడక్షనును వేరువేరుగా ఇచ్చివేయుదురు. నెలనెలకు చేతికి వచ్చు సొమ్ము పెరిగినట్లు తోచును. సంవత్సరాంతమున రెండు జీతములు కలిసినప్పుడు లోటు బయటపడి వడ్డీతోసహా చెల్లింపవలసి వచ్చును. ఇది ఎవరి మోసమును కాదు. అంచనా వేయువారు ఇరువురు, ఆదాయము ఒకటి.

ఇక పోష్యవర్గము. తెలుగు కుటుంబమున పోష్యులనగా ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులు, పెండ్లికాని చెల్లెలు, చదువుచున్న తమ్ముడు, కొన్ని యిండ్లలో వితంతువైన అత్తగారు. చట్టమున ఇట్టి ఒకే పట్టిక లేదు. తలకు ఇంతయని తగ్గింపు ఇచ్చు పద్ధతియు నేడు భారతదేశమున లేదు. ఒకప్పుడు దాని ఛాయ ఉండెను. 1955వ సంవత్సరపు బడ్జెటులో ఆర్థికమంత్రి చింతామణ్ దేశముఖ్ పన్ను లేని తొలి మొత్తమును వివాహితులకు 2,000 రూపాయలుగను, అవివాహితులకు 1,000 రూపాయలుగను నిర్ణయించెను. కుటుంబభారము గలవానికిని, లేనివానికిని భేదము పాటించుటయే దాని ఉద్దేశము. ఆ భేదము కాలక్రమమున తొలగిపోయినది.

దానికి బదులు పాత విధానమున పోష్యులు వేరువేరు సెక్షనులలో వేరువేరు అర్థములతో కనబడుదురు. ఆరోగ్యబీమాకు సంబంధించిన 80-డి సెక్షనులో భార్య లేక భర్తకును, ఆధారపడిన పిల్లలకును కలిపి 25,000 రూపాయల వరకును, తల్లిదండ్రులకు వేరుగా మరియొక 25,000 వరకును, వారు 60 ఏండ్లు దాటినవారైనచో 50,000 వరకును తగ్గింపు కలదు. విచిత్రమేమనగా ఈ సెక్షనున తల్లిదండ్రులు కుమారునిపై ఆధారపడి యుండనక్కరలేదు. పింఛను పొందుచున్న తండ్రికి బీమా చెల్లించినను తగ్గింపు లభించును. కాని అత్తమామలకు చెల్లించినచో అల్లునికి లభింపదు. వారి కుమార్తె తన ఆదాయమునుండి చెల్లించినచో ఆమెకు లభించును. అరువది దాటిన తల్లిదండ్రులకు బీమా దొరకనిచో, నగదుగా కాక బ్యాంకు ద్వారా చెల్లించిన వైద్యవ్యయమును ఆ 50,000 పరిమితిలోనే చూపవచ్చును.

అంగవైకల్యముగల పోష్యునికి సంబంధించిన 80-డిడి సెక్షనులో మాత్రము ఆధారపడుటయే ప్రధానము. భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, సోదరీసోదరులు ఇందు చేరుదురు. వైకల్యము 40 శాతమునకు తక్కువ కానిచో 75,000, 80 శాతమో అంతకు మించియో ఉన్నచో 1,25,000 రూపాయలు వ్యయముతో నిమిత్తము లేకుండ తగ్గింపబడును. తమ్ముడు ఆరోగ్యవంతుడై ఇంజనీరింగు చదువుచున్నచో అతని ఫీజునకు అన్నకు ఏ తగ్గింపును లేదు. 80-సి సెక్షను క్రింద ట్యూషను ఫీజు స్వంత సంతానములో ఇద్దరికి మాత్రమే చెల్లును. ఊరికి నెలనెలా పంపు సొమ్మునకు ఏ సెక్షనునను చోటు లేదు.

అమెరికానుండి తిరిగివచ్చి ఇచట స్థిరపడినవారు ఈ విషయమున ఆశ్చర్యపడుదురు. అచట యజమానికి డబ్ల్యు-4 అను పత్రమిచ్చి పోష్యులను తెలుపుట వారికి అలవాటు. కాని అచటి చట్టమును అంత ఉదారము కాదు. 2018నుండి పోష్యునికి తలకింతయను మినహాయింపు ఆ దేశముననే శూన్యమైనది. పిల్లలకు, ఇతర పోష్యులకు పన్నులో నేరుగా తగ్గింపు మాత్రము మిగిలినది. భారతపౌరులై భారతదేశముననే నివసించు తల్లిదండ్రులను అమెరికాలోని కుమారుడు ఎంత పోషించినను పోష్యులుగా చూపుటకు వీలులేదు.

నూతన విధానము వచ్చిన పిమ్మట ఈ సమస్య మరియొక రూపము దాల్చినది. 2023-24నుండి అదియే సహజ విధానము. ఉద్యోగి నోరు విప్పనిచో యజమాని దాని ప్రకారమే కోయును. అందు రేట్లు తక్కువ. కాని 80-సి, 80-డి, 80-డిడి, ఇంటి అద్దె భత్యపు మినహాయింపు ఏవియు లేవు. 18,00,000 రూపాయల జీతముగల ఇరువురు ఉద్యోగులను ఊహింపవచ్చును. ఒకడు ఒంటరివాడు. రెండవవానికి భార్య, ఇద్దరు పిల్లలు, అరువది దాటిన తల్లిదండ్రులు, తీవ్రవైకల్యముగల సోదరుడు కలరు. నూతన విధానమున స్టాండర్డు డిడక్షను 75,000 పోగా ఇరువురి పన్నును 1,45,000. నాలుగు శాతము సెస్సుతో 1,50,800 రూపాయలు. ఒక్క రూపాయి భేదము లేదు.

రెండవవాడు పాత విధానమును కోరుకొన్నచో ఏమగును? స్టాండర్డు డిడక్షను 50,000, 80-సి క్రింద 1,50,000, బీమాలకు 75,000, సోదరునికి 1,25,000, అద్దె భత్యపు మినహాయింపు 2,40,000 అనుకొన్నను, వృత్తిపన్ను 2,500 చేర్చినను మొత్తము 6,42,500. మిగిలిన 11,57,500పై పన్ను సెస్సుతో 1,66,140 రూపాయలు. అనగా పోష్యులనందరిని లెక్కించు విధానముకంటె, ఒక్కరినైన లెక్కింపని విధానముననే అతనికి 15,340 రూపాయలు తక్కువ! ఈ జీతమున తగ్గింపులు సుమారు 6,92,000 దాటిననే పాత విధానము లాభకరమగును. రేట్లు తగ్గించుటవలన ఈ కుటుంబమునకు మేలు జరిగినదనుట నిజము. అయితే ఆ మేలు ఒంటరివానికిని అంతయే జరిగినది. 1955లో పాటించిన న్యాయము ఇందు లేదు.

యజమానికి తెలిపిన విధానమే తుదినిర్ణయము కాదు. వ్యాపారాదాయము లేని ఉద్యోగి రిటర్ను దాఖలు చేయునప్పుడు ప్రతి సంవత్సరము విధానమును మార్చుకొనవచ్చును. కాని గడువు దాటి దాఖలు చేసినవానికి పాత విధానము దక్కదు. పోష్యవర్గము పెద్దదైన కుటుంబమునకు ఈ గడువు కేవలము జరిమానాకు సంబంధించిన విషయము కాదు.

తల్లిదండ్రులకు ఇచ్చిన సొమ్ము తగ్గింపునకు రాకున్నను, అది వారిచేతిలో పన్నునకు లోబడదు. దగ్గరి బంధువులు ఇచ్చిన కానుకకు పన్ను లేదు. ఆ సొమ్మును వారు బ్యాంకులో దాచుకొన్నచో వచ్చు వడ్డీ వారి ఆదాయమేగాని కుమారుని ఆదాయము కాదు. భార్యకో, కోడలికో ఇచ్చినచో అట్లు కాదు. 64వ సెక్షను ప్రకారము ఆ వడ్డీ ఇచ్చినవాని ఆదాయముననే కలుపబడును. అయితే తల్లిదండ్రులకు ఇచ్చుట నిజముగా ఇచ్చుటయే కావలెను. వారి పేర డిపాజిటు చేసిన సొమ్ము వారిది. వారి తదనంతరము తోబుట్టువులకును అందు భాగము రావచ్చును. పన్ను మిగులునను తొందరలో ఈ సంగతి మరచు కుటుంబములు లేకపోలేదు.

అద్దె విషయమున బెంగుళూరు ఉద్యోగికి మరియొక చిక్కు కలదు. పాత విధానమున ఇంటి అద్దె భత్యపు పరిమితి ముంబయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు నగరములకు మూలవేతనములో 50 శాతము; 1962వ సంవత్సరపు నియమావళి క్రింద బెంగుళూరునకు 2025-26లోను 40 శాతమే. అద్దెలు మద్రాసును మించినను నియమావళికి ఆ సంగతి పట్టలేదు. పైగా నెల అద్దె 50,000 రూపాయలు దాటినచో అద్దెకున్నవాడే కోతదారు డగును. 194-ఐబి సెక్షను ప్రకారము 2024 అక్టోబరు 1నుండి 2 శాతము చొప్పున, సంవత్సరాంతమున గాని ఇల్లు ఖాళీ చేయు నెలలో గాని ఒకేమారు కోసి, యజమాని పాన్ సంఖ్యతో ప్రభుత్వమునకు చెల్లింపవలెను. ఇంటి యజమాని విదేశవాసి యైనచో ఈ 50,000 హద్దు వర్తింపదు. 195వ సెక్షను క్రింద తొలి రూపాయినుండి 30 శాతమును, సెస్సును కోయవలసి యుండును. బెళ్ళందూరు ఫ్లాట్లలో విదేశముననున్న తెలుగువారివి పెక్కు గలవు గనుక, ఒప్పందమునకు మునుపే యజమాని నివాసస్థితిని అడుగుట అద్దెదారునికి అవసరము. కోయని పన్నునకు బాధ్యుడు అద్దెదారుడే.

కోసినవాడు చెల్లింపనియెడల ఎట్లు? యజమాని ఒక నెల కోసిన పన్నును మరుసటి నెల 7వ తేదీలోపల, మార్చి నెలదైనచో ఏప్రిల్ 30లోపల ప్రభుత్వమునకు జమచేయవలెను. జమయైనది 26-ఏ.ఎస్. పత్రమున ఉద్యోగి పాన్ క్రింద కనబడును. బెంగుళూరు కేంద్రముగా నడచిన కింగ్‌ఫిషర్ విమానసంస్థ 2012 అక్టోబరులో విమానములు నిలిపివేసినది. ఆ సంస్థ ఉద్యోగుల జీతములనుండి కోసిన పన్ను ప్రభుత్వమునకు చేరలేదు. పన్నుశాఖ ఉద్యోగులనే తిరిగి అడుగగా, వారు న్యాయస్థానముల కెక్కిరి. పన్ను కోయబడినంతవరకు ఆ మొత్తమును ఉద్యోగిని నేరుగా అడుగరాదని 205వ సెక్షను చెప్పుచున్నది. గుజరాతు ఉన్నత న్యాయస్థానము 2021లోను, ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము 2023లోను ఆ సంస్థ ఉద్యోగుల పక్షమున ఈ సెక్షనునే ఆధారము చేసికొనెను. ప్రత్యక్ష పన్నుల కేంద్రమండలియు 2015 జూన్ 1వ తేదీ ఉత్తరువులో ఇట్టి బాకీలను ఉద్యోగులనుండి బలవంతముగా వసూలు చేయరాదని తన అధికారులకు తెలిపినది.

అయినను ఈ రక్షణ కోత జరిగినదని నిరూపించినవానికే దక్కును. కంపెనీ మూతపడిన పిమ్మట ఆ నిరూపణకు మిగులునవి జీతపు చీటీలును, నికరజీతము జమయైన బ్యాంకు పాసుబుక్కును మాత్రమే. కంపెనీ ఇచ్చిన ఈ-మెయిలు ఖాతాలోనే చీటీలు ఉంచుకొన్న ఉద్యోగికి ఉద్యోగము పోయిననాడే అవియు పోవును. మూడు నెలలకొకమారు యజమాని దాఖలుచేయు పట్టికల గడువులు జూలై 31, అక్టోబరు 31, జనవరి 31, మే 31 తేదీలు. ఆ తేదీలు గడచిన కొన్నాళ్ళకు 26-ఏ.ఎస్. పత్రమును జీతపు చీటీలతో సరిచూచుకొన్నచో, జమకాని కోత సంవత్సరాంతమువరకు ఆగకయే తెలియును.